పుట్టింటికి పంపే శాఖ

వరహాలమ్మ పరాయి మనిషని తామరకుదురు మునిసిపాలిటీ కనిపెట్టే సమయానికి ఆవిడ పెరట్లో కూర్చుని చింతపండు పిసుకుతోంది. గుమ్మంలో బంట్రోతు పోలయ్య నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వరహాలమ్మ అనబడు పరాయి వ్యక్తి తమరేనా?"

ఆ పోలయ్యకి చిన్నప్పుడు గోరుముద్దలు తినిపించింది ఈవిడే. "ఒరేయ్, ఎండన పడొచ్చావు, మజ్జిగ తాగుతావా?" అంది.

"డ్యూటీలో పరాయివాళ్ళ చేతి మజ్జిగ తాగకూడదంట పిన్నీ" అన్నాడు పోలయ్య. చెంబెడూ తాగేసి, మూతి తుడుచుకుని, నోటీసు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మొగుడు గోవిందు దాన్ని కూడబలుక్కుని చదివాడు. కొబ్బరికాయలు వలవడంలో ఊరు మొత్తమ్మీద ఆయన్ని మించినవాడు లేడుగాని, కాగితం చదవమంటే మాత్రం ఆయనకి చెమటలు పడతాయి. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమరు పురపాలక సంఘపు హద్దులకు వెలుపల బుడమలంక అను గ్రామమున జన్మించియున్నట్లు తేలినందున, తమరిని సదరు గ్రామమునకు సగౌరవముగా ఏల తరలించరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

"అంటే ఏంటండీ?" అంది వరహాలమ్మ.

"నిన్ను మీ పుట్టింటికి పంపేస్తారటే."

వరహాలమ్మ నవ్వేసింది. ఎందుకంటే బుడమలంక గోదారి మధ్యలో ఉండేది. ఉండేది అనే చెప్పాలి, ఇప్పుడు లేదు. ఆవిడ కాపురానికొచ్చిన కొన్నాళ్ళకే ఓ పెద్ద వరదలో గోదారమ్మ ఆ లంకని అంచుల నుంచీ కోసుకుంటూ కోసుకుంటూ, చివరికి గుడీ బడీ కొబ్బరితోటా అన్నీ కడుపులో పెట్టేసుకుంది. అమ్మా నాన్నా ఆ దిగులుతోనే పోయారు. తోడబుట్టినవాళ్ళు లేరు. అందుకని ఆవిడకి పుట్టింటి మాటెత్తితే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది. ఆ రోజు మాత్రం నవ్వుతోనే సరిపెట్టుకుంది. పిచ్చిమాలోకం, మునిసిపాలిటీ అంటే ఏమిటో ఆవిడకింకా తెలీదు.

ఇంతకీ ఈ శాఖ ఎలా పుట్టిందో చెప్పాలి కదా. తామరకుదురులో మురుగుకాలవలు పొంగి పొర్లుతుంటే, పరదేశంలో మురుగు ఎలా పారుతుందో అధ్యయనం చేసి రమ్మని ఛైర్మన్ అబ్బులుగారిని, కొందరు కౌన్సిలర్లని విమానం ఎక్కించారు. ఆ దేశం పేరు మనకెందుకులెండి, వాళ్ళకే అది సరిగ్గా కనపళ్ళేదు. విమానాశ్రయంలో ఓ తెల్లచొక్కా ఆఫీసరు "ఎందుకొచ్చారు?" అనడిగితే, అబ్బులుగారు ఉన్నమాట చెప్పేశారు. "మీ మురుగు చూసి పోదామని" అన్నారు. ఏ దేశంలోనైనా వినేవాడికి అనుమానం రాదూ? అందర్నీ ఓ చల్లటి గదిలో కూర్చోబెట్టి, విడివిడిగా ప్రశ్నలడిగి, పొద్దు వాలకుండానే వచ్చిన విమానంలోనే తిప్పి పంపించేశారు.

ఇంకొకడైతే సిగ్గుతో తలొంచుకుని వచ్చేవాడు. అబ్బులుగారు మాత్రం దండలు వేయించుకుని వచ్చారు. "ఎంత మర్యాదగా గెంటారయ్యా!" అన్నారు స్వాగత సభలో. "కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, సంతకం పెట్టించుకుని మరీ గెంటారు. అభివృద్ధి అంటే రోడ్లూ కాలవలూ కాదు. ఎవణ్ణి పడితే వాణ్ణి వెనక్కి పంపగలగడమే అభివృద్ధి. మన తామరకుదురు ఈరోజుదాకా ఒక్కణ్ణయినా పంపిందా? ఇలాగయితే మనం ఎప్పటికి బాగుపడతాం?"

అదిగో, అలా పుట్టింది పరాయివారి శాఖ. దానికి అధిపతిగా త్రినాథరావు అనే ఆయన్ని వేశారు. ఆయన నిజాయితీపరుడు. లంచం పుచ్చుకోడు, మాట వినడు, నవ్వడు. ఇలాంటివాడి చేతికి పిచ్చి చట్టం దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అబ్బులుగారి ఉద్దేశం, బస్టాండు దగ్గర బఠాణీ చాట్ బండివాడూ, ఊరి చివర ఇటుకబట్టీవాళ్ళూ నలుగురు పోతే చాలని. త్రినాథరావు మాత్రం ఇంటింటికీ తిరిగి ఎవరెక్కడ పుట్టారో అడిగించాడు. అడిగించి, కౌన్సిల్‌కి ఓ నివేదిక పెట్టాడు. "విచారణలో ఒక భయంకర వాస్తవం బయటపడినది. ఈ పట్టణమునందలి ప్రతి ఇంటిలోనూ కనీసం ఒక పరాయి స్త్రీ వంటగదిలో తిష్ఠవేసి యున్నది. తరతరాలుగా మేళతాళాలతో, పట్టపగలు, పెద్దల సమక్షమునే ఈ అక్రమ ప్రవేశము జరుగుచున్నది."

"కోడళ్ళయ్యా వాళ్ళు!" అన్నారు అబ్బులుగారు.

"అవునండి. హద్దు దాటించి తెచ్చినవారు" అన్నాడు త్రినాథరావు. చట్టంలో కోడళ్ళకి మినహాయింపు లేదు. ఇప్పుడు మారిస్తే, పెళ్ళాం కోసం మార్చారని ప్రతిపక్షం గోల చేస్తుందని అబ్బులుగారు నోరు మూసుకున్నారు.

"మరి నువ్వెక్కడ పుట్టావయ్యా?" అని ఓ కౌన్సిలరు త్రినాథరావుని అడగనే అడిగాడు.

"ప్రభుత్వోద్యోగికి పుట్టుక ఉండదండి. పోస్టింగే ఉంటుంది" అన్నాడాయన.

గోవిందు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ప్లీడరు చిదంబరం దగ్గరికి పరిగెత్తాడు. మొన్నమొన్నటిదాకా గేదెల దొంగతనాల కేసులు చూసుకునే చిదంబరం, అప్పటికే గుమ్మానికి 'పరాయి కేసుల నిపుణుడు' అని బోర్డు కట్టేసుకున్నాడు.

"కంగారు పడకమ్మా. చట్టం ఏ తలుపూ ఊరికే మూయదు. నాలుగు తలుపులు తెరిచిపెట్టి ఒక్కొక్కటే మూస్తుంది" అన్నాడు చిదంబరం. "మొదటి తలుపు, స్వచ్ఛంద నిష్క్రమణం. నువ్వే వెళ్ళిపోతానని సంతకం పెట్టేస్తే బస్సు వాళ్ళే పెడతారు, దారి బత్తెం వాళ్ళే ఇస్తారు, దండ కూడా వేస్తారు."

ఈ తలుపు మిగతా ఆడాళ్ళకి మహా నచ్చింది. నచ్చదూ మరి? మండువేసవి, మామిడికాయల రోజులు. పుట్టింటికి వెళ్తానంటే "ఇప్పుడెందుకు, ఇంట్లో ఎవరు చూస్తారు?" అనే అత్తగారి నోరు ఒక్క నోటీసుతో మూతపడిపోయింది. అన్నట్టు అత్తగారు కూడా పరాయి ఊరిదే కదా, ఆవిడా పెట్టె సర్దుకుంది. మునిసిపాలిటీ ఆఫీసు ముందు సంతకాలకి తొక్కిసలాట. ఏడుస్తూ సాగనంపాల్సిన బస్సుల్లోంచి పాటలూ నవ్వులూ. పక్కింటి మంగతాయారు కిటికీలోంచి తల బయటపెట్టి, "వదినా, మావారికి కందిపొడి పైఅరలో ఉందని చెప్పు! లేదులే, చెప్పకు, వెతుక్కోనీ!" అని అరిచి చెయ్యూపింది.

వరహాలమ్మ కూడా చెయ్యూపింది. బస్సులన్నీ వెళ్ళిపోయాక ఆ దుమ్ములో చాలాసేపు అలాగే నిలబడిపోయింది. వీధివీధంతా పుట్టింటికి పోతుంటే, తనొక్కత్తికే పోవడానికి ఓ గుమ్మం లేకపోయిందే అని ఆవిడకి కడుపులోంచి దుఃఖం తన్నుకొచ్చింది. అంతకన్నా భయం కూడా వేసింది. ఈ ఊళ్ళోంచి గెంటేస్తే తనకి ఈ భూమ్మీద నిలబడ్డానికి జానెడు చోటు లేదు. నవ్వు పూర్తిగా పోయింది.

"రెండో తలుపు, ఆశ్రయం" అన్నాడు చిదంబరం. "స్వగ్రామానికి వెళ్తే ప్రాణభయం ఉందని నిరూపించాలి. నీ కేసు బ్రహ్మాండమైన కేసు."

విచారణ గదిలో త్రినాథరావు ఎత్తైన కుర్చీలో కూర్చున్నాడు. "మీ స్వగ్రామమునకు తిరిగి వెళ్ళుటకు మీకు భయమా?"

"భయమేనండి."

"ఏమని భయం?"

"మునిగిపోతానండి."

త్రినాథరావు కలం మూత పెట్టాడు. "చూడమ్మా. ఆ నీళ్ళు మిమ్మల్ని మాత్రమే ముంచుతాయా, ఎవరినైనా ముంచుతాయా?"

"ఎవరినైనా ముంచుతాయండి. గోదారమ్మకి పక్షపాతం ఏముంటదండీ, తల్లి కదా."

"అదీ సంగతి! కులం చూసిగాని, మతం చూసిగాని, మీ రాజకీయాభిప్రాయాలు చూసిగాని గోదావరి మిమ్మల్ని ముంచుట లేదు. వివక్ష లేదు. అందరినీ సమానంగా ముంచే చోటికి పంపడం అన్యాయం కిందికి రాదు."

చిదంబరం లేచి నల్లకోటు సర్దుకున్నాడు. "అయ్యా, నా క్లయింటుకి ఈత రాదు. ఈత రానివారిని ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించాలని ప్రార్థన."

"నేర్చుకుంటే పోయే లక్షణం వర్గం అనిపించుకోదు" అన్నాడు త్రినాథరావు. "కావాలంటే ఈత నేర్చుకొనుటకు గడువు ఇస్తాం."

రెండో తలుపు మూసుకుంది. మూడోది పెళ్ళి. స్థానికుణ్ణి నిజంగా పెళ్ళాడి, నిజంగా కాపురం చేస్తున్నట్టు తేలితే ఉండనిస్తారు. "ఇంక భయమేముందే! మన కాపురం నిజం కాకపోతే ఇంకెవరిది నిజం?" అన్నాడు గోవిందు. ఆయన ధైర్యం చూసి వరహాలమ్మకి కూడా ధైర్యమొచ్చింది. పెట్టెలోంచి పెళ్ళినాటి పట్టుచీర తీసి కట్టుకుంది.

విమానాశ్రయంలో అబ్బులుగారిని అడిగినట్టే ఇక్కడ కూడా ఇద్దరినీ వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టారు.

"మొదటి ప్రశ్న సులువైనది" అన్నాడు త్రినాథరావు. "మీ భర్త పేరు?"

వరహాలమ్మ తలొంచుకుంది.

"భర్త పేరమ్మా."

"మీకు తెలుసు కదండీ, ఆ కాగితంలో ఉంది కదా."

"కాగితమునకు తెలిసినది నాకనవసరం. మీరు చెప్పాలి."

ఎలా చెబుతుంది? మొగుడి పేరు నోటితో పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది. ఆ మాట కోసం ఆవిడ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. తిరుపతి మెట్లెక్కేటప్పుడు ఊరి జనమంతా "గోవిందా గోవిందా" అని కొండ దద్దరిల్లేట్టు అరుస్తుంటే, ఈవిడ ఒక్కత్తీ "వెంకన్నా వెంకన్నా" అనుకుంటూ ఎక్కింది. దేవుడి దగ్గరే పలకని పేరు ఈ త్రినాథరావు దగ్గర పలుకుతుందా?

"కొండ మీద ఉంటారు కదండీ స్వామి... మెట్లెక్కేటప్పుడు అందరూ అంటారు కదండీ..." అని చేత్తో కొండ చూపించింది.

"భర్త కొండ మీద నివసించుచున్నట్లు పిటిషనరు సూచించినది" అని త్రినాథరావు రాసుకున్నాడు. "పేరు తెలియదు."

"అయ్యో రామా! తెలీకపోవడమేంటండీ!"

"అయితే చెప్పండి."

వరహాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని నోరు విప్పలేదు. ఊరు పోతే పోయింది, ఆయన ఆయుష్షు తగ్గించి తను ఉండే ఊరెందుకు?

పక్కగదిలో గోవిందు పరిస్థితి అంతకన్నా ఘోరంగా ఉంది. "మీ భార్య పుట్టినరోజు?" తెలీదు. "ఈరోజు ఏ రంగు చీర కట్టుకున్నారు?" పక్కనే నడిచొచ్చాడు గాని చూడలేదు. "పొద్దున్నే ఆవిడ ఏం తింటారు?" అని అడిగేసరికి గోవిందు తమ ఇంటి పొద్దుటి పూటని తలుచుకున్నాడు. తను చద్దన్నం తింటాడు, ఆవిడ వడ్డిస్తుంది, తను లేచి పనిలోకి పోతాడు. ఆ తర్వాత ఆవిడేం తింటుందో, అసలు తింటుందో లేదో, ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చూడలేదు. "తెలీదండి" అన్నాడు.

అదే రోజు ఇంకో జంట కూడా విచారణకొచ్చింది. వారం కిందట ఎవరో బ్రోకరు కుదిర్చిన ఉత్తుత్తి పెళ్ళి అది. ఆ కుర్రాడు అమ్మాయి దిండు గలీబు రంగుతో సహా గడగడా అప్పజెప్పేశాడు. ఆ అమ్మాయి ఆయన పేరు ఇంటిపేరుతో కలిపి, రాగం తీస్తూ మూడుసార్లు చెప్పింది. త్రినాథరావు వాళ్ళని మెచ్చుకుని 'ఆదర్శ దాంపత్యం' అని ముద్ర కొట్టాడు. వరహాలమ్మ కాగితం మీద 'బూటకపు వివాహం' అని కొట్టాడు.

బయటికొచ్చాక గోవిందు చెట్టు నీడన నిలబడి, "వరాలూ, నువ్వు పొద్దున్నే ఏం తింటావే?" అనడిగాడు. వరహాలమ్మ ఆయన నుదురు పట్టుకు చూసింది, జ్వరమేమోనని.

నాలుగో తలుపు అప్పీలు. అప్పీలు అధికారి అదే గదిలో, అదే త్రినాథరావు. కాకపోతే కిటికీ పక్క కుర్చీలోకి మారి, భుజాన శాలువా వేసుకున్నాడు. "కింది అధికారి తీర్పును నిశితంగా పరిశీలించాం. ఆయన ఎంతో శ్రమపడినట్లు కనబడుచున్నది" అని తీర్పు ఖాయం చేశాడు.

మర్నాడు పొద్దున్నే రేవులో పడవ సిద్ధం చేశారు. త్రినాథరావు, పాత సర్వే పటం, వరహాలమ్మ, తోడుగా వస్తానని ప్లీడరు చిదంబరం. గోవిందు కూడా ఎక్కబోతే, ప్లీడరు తప్ప స్థానికులెవరూ ఊరు దాటకూడదని పోలయ్య అడ్డం నిలబడ్డాడు. నిలబడి తనే ముక్కు చీదుకుంటున్నాడు.

నడిగోదాట్లో త్రినాథరావు పటం విప్పి, "పటం ప్రకారం ఇది బుడమలంక రచ్చబండ. దిగండమ్మా" అన్నాడు.

చుట్టూ నీళ్ళు. వరహాలమ్మ వంగి నీళ్ళలోకి చూసింది. "అదిగోనండి, ఆ సుడి తిరుగుతుందే, అక్కడే మా ఇల్లు. గుమ్మంలో కూర్చుని మా అమ్మ నాకు జడేసేది" అంది. అని కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పడవవాడు గడ వేయడం మానేశాడు. త్రినాథరావు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడని నేనెప్పుడన్నాను?

"దింపకూడదండి!" అన్నాడు చిదంబరం గబుక్కున. "మనిషిని అప్పగించినట్టు గ్రామాధికారి సంతకం కావాలి. అది మీ రూలే!"

త్రినాథరావు అన్ని దిక్కులా చూశాడు. సంతకం పెట్టే స్థితిలో అక్కడ ఓ కొంగ తప్ప ఇంకెవరూ లేరు. ఆయన చాలాసేపు ఆలోచించి ఉత్తర్వు వేశాడు. "గోదావరి కోసినచోట తిరిగి మేట వేయుట ప్రకృతి ధర్మము గనుక, సదరు లంక మరల పైకి తేలువరకు పిటిషనరును రేవు పాకలో నిర్బంధించవలెను."

అలా వరహాలమ్మ, లంక తేలడం కోసం, రేవు పాకలో నులకమంచం మీద కూర్చుంది. తేలుతుందా అంటే తేలుతుంది, గోదారి లెక్కలో. మనిషి ఆయుష్షు లెక్కలో కాదు. ఎదురుగా తన తామరకుదురు కనిపిస్తూనే ఉంది, వెళ్ళడానికి లేదు. గోవిందు పని మానేసి పాక బయటే కూర్చునేవాడు.

ఈలోగా ఊళ్ళో మగాళ్ళ పాట్లు చూడాలి! మొదటిరోజు పండగ చేసుకున్నారు. రెండోరోజు హోటళ్ళ మీద పడ్డారు. హోటళ్ళలో పప్పు రుబ్బేవాళ్ళు కూడా పరాయి ఆడాళ్ళేనని అప్పుడు తెలిసింది. ఇంతలో గోరుచుట్టు మీద రోకలి పోటులాగా, చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నీ తామరకుదురుని చూసి ముచ్చటపడి అవీ శాఖలు తెరిచాయి. తెరిచి, తామరకుదురు ఆడపడుచులందర్నీ పిల్లాపాపలతో సహా బస్సులెక్కించి తిప్పి పంపేశాయి. పుట్టింటికొచ్చిన ఆడపడుచు పొయ్యి దగ్గరికి పోవడం ఎక్కడైనా ఉందా? వాళ్ళు అరుగుల మీద కాళ్ళు చాపుకు కూర్చుని, "అన్నయ్యా, కాఫీ! తమ్ముడూ, పిల్లాడికి పాలు కాచావా?" అని కేకలు. అబ్బులుగారికి నలుగురు అప్పచెల్లెళ్ళు. నలుగురూ దిగిపోయారు.

ఊళ్ళో వంట తెలిసిన కోడలు ఎవరైనా మిగిలిందంటే అది రేవు పాకలో ఉన్న వరహాలమ్మే. మగాళ్ళందరూ బియ్యం, కూరగాయలు, గిన్నెలు మోసుకుని పాక ముందు వరస కట్టారు. వరహాలమ్మ జాలిగుండెది, లేచి కొంగు దోపుకుంది. అప్పుడు చిదంబరం అడ్డంపడ్డాడు. "నిర్బంధంలో ఉన్నవారితో పని చేయించరాదు! రూలు!" ఆయన జీవితంలో గెలిచిన ఒకే ఒక్క పాయింటు అది.

దాంతో ఆవిడ మంచం మీద కూర్చుని చెబుతుంటే మగాళ్ళే వండటం మొదలుపెట్టారు. "అలా కాదు అబ్బులుగారూ, వంకాయ కోసిన వెంటనే ఉప్పునీళ్ళలో వెయ్యండి, లేకపోతే ముక్కలు నల్లబడిపోతాయి. ఏవండీ, మిమ్మల్నే, పోపు మాడుతోంది!" గోవిందు వండినదాంట్లోంచి మొదటి ముద్ద తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుని చూసేవాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది.

"వరహాలమ్మా, మా ఆవిణ్ణి ఎలాగైనా రప్పించవమ్మా" అన్నారు ఓ మధ్యాహ్నం అబ్బులుగారు, పచ్చిమిరపకాయలు నూరుతూ, కళ్ళ నీళ్ళు కారుతుండగా. "కబురు పెడితే, 'ఆవకాయలవనీ, అయినా వస్తే మళ్ళీ పంపేస్తారు కదా' అంటోంది."

వరహాలమ్మ ఏదో చెప్పబోయేంతలో త్రినాథరావు వచ్చి, ఆయన చేతిలో ఓ నోటీసు పెట్టాడు.

"ఇదేంటయ్యా?"

"తమరు తమ తల్లిదండ్రులకు ప్రథమ సంతానం. తొలికాన్పు పుట్టింట జరుగుట మన ఆచారం. కాబట్టి తమరు తమ మాతామహుల గ్రామంలో జన్మించారు. తమరు పరాయివారు. ఈ లెక్కన ఊళ్ళోని పెద్దకొడుకులందరూ పరాయివారే. ఇంతకాలం నా దృష్టికి రానందుకు సిగ్గుపడుచున్నాను."

పాకలో వంట ఆగిపోయింది. ఊళ్ళో సగం మంది పెద్దకొడుకులే.

అబ్బులుగారికి ముచ్చెమటలు పట్టాయి. చిదంబరం ఆయన చెవిలో నాలుగు తలుపుల సంగతీ ఊదాడు. మొదటిది కుదరదు. రెండోది? అబ్బులుగారు లేచి గొంతెత్తారు. "నాకక్కడ ప్రాణభయం! మా మేనమావ కూతుర్ని చేసుకోనని ఎదురుతిరిగి వచ్చేశాను. కనిపిస్తే కాళ్ళిరగ్గొడతానని మా మావయ్య ఈనాటికీ కర్రకి నూనె రాసి ఉంచాడు!"

త్రినాథరావు మొహం వెలిగిపోయింది. "ఆ కర్ర తమరికి మాత్రమేనా, ఎవరికైనా?"

"నాకొక్కడికే!"

"వ్యక్తిగత భయం! స్పష్టమైన వివక్ష!" అని అక్కడికక్కడే ఆశ్రయం మంజూరు చేశాడు. గోదారి ముంచితే దొరకని ఆశ్రయం మేనమావ కర్రకి దొరికింది. అంతటితో అయిపోతే బాగుండేది. "అయితే ఆశ్రితులు పదవుల్లో ఉండరాదు గనుక, ఛైర్మన్ పదవి ఈ క్షణం నుంచి ఖాళీ" అన్నాడు త్రినాథరావు.

ఈ దెబ్బతో కౌన్సిల్‌కి జ్ఞానోదయమైంది. వెంటనే సమావేశం, అది కూడా రేవు పాకలోనే, వంకాయ కూర పొయ్యి మీద ఉండగానే. చట్టం తప్పని ఒప్పుకుంటే పరువు పోతుంది. అందుకని చట్టాన్ని ముట్టుకోకుండా ఓ వివరణ జోడించారు. "పట్టణవాసిగా కాపురము చేయుచున్న ప్రతి వివాహిత వ్యక్తియు, ఆడయినను మగయినను, వివాహ ముహూర్తమున తామరకుదురునందే జన్మించినట్లు భావింపవలెను." పెళ్ళి జరిగిందని వీధివాళ్ళు చెబితే చాలన్నారు, పేర్లూ చీరల రంగులూ అడగరాదన్నారు. అబ్బులుగారు మళ్ళీ పుట్టి, మళ్ళీ ఛైర్మన్ అయ్యారు.

ఆవకాయ జాడీలతో కోడళ్ళంతా దిగారు. చుట్టుపక్కల మునిసిపాలిటీలూ ఆ వివరణే కాపీ కొట్టడంతో, వాళ్ళొచ్చిన పూటే ఆడపడుచులు అత్తారిళ్ళకి బయల్దేరారు. మునిసిపల్ హాల్లో అందరికీ పుట్టినట్టు పత్రాలు పంచారు. తల్లిదండ్రుల పేర్లు రాయాల్సిన చోట, ఇంకేం తోచక, 'పురపాలక సంఘము' అని రాశారు. అబ్బులుగారే ఒక్కొక్కరికీ తన చేత్తో అందించారు.

"ఇందులో ఏం రాసుందండీ?" అని వరహాలమ్మ త్రినాథరావుని అడిగింది.

"జన్మస్థలం, తామరకుదురు."

"ఇంకోసారి చదవండి బాబూ."

చదివాడు. ఆవిడ ఆ పత్రాన్ని కళ్ళకద్దుకుంది. ఇంటికి పోదాం పదమని గోవిందు ముందు నడిచాడు. ఆవిడ మాత్రం సందు మలుపులో ఆగి, తిన్నగా అబ్బులుగారింటికి వెళ్ళి, వీధరుగు మీద కూర్చుంది.

"ఏమ్మా వరహాలమ్మా?" అంటూ అబ్బులుగారు బయటికొచ్చారు.

"పుట్టింటికొచ్చానన్నయ్యా" అంది వరహాలమ్మ.

అబ్బులుగారు కిందికి చూశారు. తల్లీ తండ్రీ 'పురపాలక సంఘము' అని తన చేత్తో ఇచ్చిన పత్రం ఆవిడ ఒళ్ళోనే ఉంది. లోపల్నించి ఆయన భార్య వచ్చి, మొగుణ్ణి ఓ చూపు చూసి, వరహాలమ్మ చెయ్యి పట్టుకుంది. "గుమ్మంలో కూర్చున్నావేంటి వదినా, లోపలికి రా. కాళ్ళు కడుక్కో" అని తీసుకెళ్ళి, పీట వేసి, తలకి నూనె రాయడానికి కూర్చోబెట్టింది.

వెనక్కి చూసుకుని, పెళ్ళాం లేదని గోవిందు ఊరంతా వెతుక్కుంటూ సాయంత్రానికి అబ్బులుగారి గుమ్మంలోకొచ్చి పడ్డాడు. "ఇక్కడున్నావా! ఇంటికి పద, పొద్దుపోతోంది."

వరహాలమ్మ తల అంటుకుని, కొత్తచీర కట్టుకుని, నడవాలో కాళ్ళు చాపుకు కూర్చుని ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ అనలేకపోయిన మాట, గుండెల నిండా గాలి పీల్చుకుని అనేసింది.

"ఏంటండీ మీ తొందర! పుట్టింటికొచ్చి పట్టుమని నాలుగు రోజులైనా ఉండనివ్వరా?"